ఎపిసోడ్ చివర వచ్చే తాతగారు

మా పిన్ని 1985లో హిందీ నటుడు అశోక్ కుమార్‌కి ఉత్తరం రాసింది. అభిమాని హీరోకి రాసే ఉత్తరం కాదు అది. ఆయన సినిమా ఒక్కటి కూడా తను చూడలేదు. మా నాన్నకి కాస్త నచ్చజెప్పండి అని, ఇంటి పెద్దకి రాసినట్టు రాసింది.

అప్పుడు మేం సికింద్రాబాద్ లాలాగూడలో రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాకు పదేళ్ళు. పిన్ని డిగ్రీ పూర్తి చేసి, బీఈడీ చెయ్యాలని పట్టుబట్టి మా ఇంట్లో ఉంటోంది. అక్కడ తణుకు దగ్గర మా తాతయ్య సంబంధాలు చూస్తున్నాడు. మా వరసలో టీవీ ఉన్న ఇళ్ళు రెండే. చెక్క తలుపులు పక్కలకి జరిపే బ్లాక్ అండ్ వైట్ టీవీ ఒకటి మూడో ఇంట్లో ఉండేది. దూరదర్శన్‌లో 'హమ్ లోగ్' సీరియల్ వచ్చే రోజు తొందరగా అన్నాలు తినేసి అక్కడికి వెళ్ళి చాప మీద కూర్చునేవాళ్ళం. నాకు కథ సగమే అర్థమయ్యేది. అమ్మకి అదీ లేదు. అయినా చివర్లో అందరూ మాటలు ఆపేసేవాళ్ళు. లావు ఫ్రేము కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన తెర మీదకి వచ్చి, 'ఛన్ పకైయా' అంటూ ఒక చిన్న పాదం చెప్పి, ఆ రోజు కథలో జరిగినదాని గురించి నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోయేవాడు. అంతా కలిపి అర నిమిషం, మహా అయితే ఇంకో పది సెకన్లు. అమ్మ ఆయన్ని 'చివర్లో వచ్చే తాతగారు' అనేది.

ఆ తాతగారు హిందీ సినిమాలో తొలి తరం పెద్ద హీరో అని నాకు తెలిసేసరికి కాలేజీకి వచ్చేశాను. తెలిశాక ఆయన గురించి దొరికిందల్లా చదివాను. చదివిన కొద్దీ ఒక విషయం మనసుకి కష్టంగా అనిపించేది. నేను చూసిన వ్యాసాలు దాదాపు అన్నీ 'అచ్ఛూత్ కన్యా'తో మొదలై, 'కిస్మత్' దగ్గర ఊపందుకుని, 'మహల్', 'ఆశీర్వాద్' మీదుగా నడిచి, ఆఖరి పేరాలో 'వృద్ధాప్యంలో టీవీలో కూడా కనిపించారు' అని ముగిసేవి. ఆ 'కూడా' దగ్గరే నాకు పేచీ. సినిమాల్లో వేషాలు తగ్గిన ముసలి నటుడు చిన్న తెరకి దిగివచ్చాడన్న అర్థం అందులో ఉంది. నేను నమ్మేది వేరు. 1936లో ఆ మనిషి తెలిసో తెలియకో మొదలుపెట్టిన పని 1984లో పూర్తయింది. యాభై ఏళ్ళు సినిమా ఆయనకి ఏం నేర్పిందో అదంతా ఆ అర నిమిషంలో ఖర్చయింది.

ఈ మాట ఊరికే అనడం లేదు. ఆయన ఎలా నటుడయ్యారో చూస్తే తెలుస్తుంది.

భాగల్‌పూర్‌లో 1911లో పుట్టి ఖండ్వాలో పెరిగిన కుముద్‌లాల్ గంగూలీకి నటుడు కావాలన్న కోరిక లేదు. తండ్రి వకీలు. కొడుకునీ లా చదివించాలని కలకత్తా పంపితే ఆ చదువు సాగలేదు. చెల్లెలి భర్త శశధర్ ముఖర్జీ బొంబాయి టాకీస్‌లో ఉండేవారు. ఆ చుట్టరికం పట్టుకుని వెళ్ళి అక్కడి లాబొరేటరీలో అసిస్టెంటుగా చేరారు. తెర ముందు పని కాదు, ఫిల్ము పని.

బొంబాయి టాకీస్ అంటే హిమాంశు రాయ్, దేవికా రాణి 1934లో మలాడ్‌లో పెట్టిన స్టూడియో. దేవికా రాణి పుట్టింది మన వాల్తేరులోనే. ఆ స్టూడియో ఒక ఫ్యాక్టరీలా నడిచేది. దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్, కెమెరామన్ జోసెఫ్ విర్షింగ్ జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు. నటులైనా, లైట్లు పట్టేవాళ్ళైనా నెల జీతానికి పని చేసేవాళ్ళే. ఈ జీతం సంగతి గుర్తుపెట్టుకోవాలి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

'జీవన్ నయ్యా' తీస్తుండగా హీరో నజ్ముల్ హసన్, దేవికా రాణి కలిసి వెళ్ళిపోయారు. ఆమెని నచ్చజెప్పి వెనక్కి తీసుకొచ్చారు. అతనికి మాత్రం స్టూడియో తలుపులు మూసుకుపోయాయి. హీరో లేడు, సినిమా ఆగకూడదు. హిమాంశు రాయ్ చూపు లాబ్‌లో ఉన్న కుర్రాడి మీద పడింది. ఆ ముఖం హీరోకి పనికిరాదని ఆస్టెన్ అభిప్రాయమట, కానీ యజమాని మాటే నెగ్గింది. కుముద్‌లాల్ కాస్తా అశోక్ కుమార్ అయ్యారు. సినిమావాళ్ళకి పిల్లనివ్వడానికి జనం జంకే రోజులవి. అదే ఏడాది, 1936లో, 'అచ్ఛూత్ కన్యా' వచ్చింది. అంటరానివాడని ముద్రపడిన ఇంటి అమ్మాయిని ప్రేమించే బ్రాహ్మణ యువకుడిగా వేసి, తన పాటలు తానే పాడుకుని దేశమంతా తెలిసిన ముఖమయ్యారు.

అసలు విషయం ఆయన గొంతులో ఉంది. టాకీ వచ్చి అప్పటికి అయిదేళ్ళు. నటులంతా నాటకాల నుంచి వచ్చినవాళ్ళు. ఆఖరి బెంచీలో కూర్చున్నవాడికి వినబడాలి కాబట్టి గొంతు చించుకుని, చేతులు చాపి మాట్లాడడం వాళ్ళకి అలవాటు. మన దగ్గరా అంతే. 1932 నాటి 'భక్త ప్రహ్లాద'లో వేసింది సురభి వాళ్ళు. పద్యం ఎత్తుకుంటే పందిరి కదలాల్సిందే. అందులో తప్పేమీ లేదు, స్టేజీ అడిగేది అదే. కానీ సినిమాలో మైకు రెండు అడుగుల దూరంలో ఉంటుంది. కెమెరా ఇంకా దగ్గరికి వస్తుంది. అక్కడ అరిస్తే ముఖం మీద అరిచినట్టే ఉంటుంది.

స్టేజీ ఎక్కి ఎరగకపోవడమే అశోక్ కుమార్‌కి మేలు చేసింది. మరచిపోవాల్సిందేమీ ఆయన దగ్గర లేదు. హాలీవుడ్ సినిమాలు చూసి, వాళ్ళు మాట మధ్యలో ఎలా ఆగుతున్నారు, వింటున్నప్పుడు కళ్ళు ఏం చేస్తున్నాయి అన్నది పట్టుకున్నారు. మొదటి సినిమాల్లో ఇంకా బిగుసుకునే ఉంటారు, చూస్తే తెలిసిపోతుంది. కానీ 1943లో వచ్చిన 'కిస్మత్'కి ఆ బిగువు పూర్తిగా వదిలింది. అందులో ఆయన జేబుదొంగ. సిగరెట్టు వెలిగించుకుంటూ, ఎదుటివాడితో వరండాలో కూర్చుని కబుర్లాడినట్టు మాట్లాడతాడు. దొంగ తప్పుచేసినవాడిలా తల దించుకోకుండా నవ్వుతూ మాట్లాడడం అప్పటి జనానికి కొత్త. కలకత్తా రాక్సీ థియేటర్‌లో ఆ సినిమా మూడేళ్ళకు పైగా ఆడింది. కథ, పాటలు, క్విట్ ఇండియా నాటి వేడి అన్నీ కలిసొచ్చాయి, కాదనను. కానీ జనం మళ్ళీ మళ్ళీ వెళ్ళింది ఆ మాట తీరు కోసం కూడా అని నా నమ్మకం. వేలమంది కూర్చున్న హాల్లో ఒక్కడితో మాట్లాడుతున్నట్టు మాట్లాడిన నటుడు అంతకుముందు మన దేశంలో ఎంతమంది ఉన్నారు?

జనానికి ఆయన మీద కుదిరిన నమ్మకం తెర బయట కూడా పనిచేసిందనడానికి ఉర్దూ రచయిత మంటో రాసిన ఒక సంగతి ఉంది. దేశ విభజన నాటి బొంబాయి. అశోక్ కుమార్ మళ్ళీ బొంబాయి టాకీస్‌కి వచ్చి దాన్ని నడిపిస్తున్నారు. స్టూడియోలో ముస్లింలకి పని ఇస్తున్నారని బెదిరింపు ఉత్తరాలు వస్తున్నాయి. ఒకసారి మంటోని కారులో ఎక్కించుకుని వెళ్తుంటే బండి ముస్లింల పేటలోకి వెళ్ళింది. ఎదురుగా పెళ్ళి ఊరేగింపు. ఈ హిందువుకి ఏమైనా అయితే ఆ పాపం తన మెడకి చుట్టుకుంటుందని మంటో వణికిపోయాడు. ఇద్దరు కుర్రాళ్ళు కారు కిటికీ దగ్గరికి వచ్చి, అశోక్ భాయ్, ముందు దారి లేదు, ఈ పక్క సందులోంచి వెళ్ళండని చెప్పి పంపించారు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు మా పిన్ని ఉత్తరం గుర్తొస్తుంది. ఆ కుర్రాళ్ళు పిలిచింది హీరోని కాదు, భాయ్‌ని.

తర్వాతి ముప్ఫై ఏళ్ళ గురించి అందరూ రాసిందే, నేను త్వరగా దాటేస్తాను. 1948లో 'జిద్దీ'తో దేవ్ ఆనంద్‌కి పేరొచ్చింది, 1949లో 'మహల్'తో మధుబాలకీ లతా మంగేష్కర్‌కీ దారి వెడల్పయింది. రెండూ ఆయన బొంబాయి టాకీస్‌లో ఉండి తీయించినవే. యాభైల నడుమకి స్టూడియో మూతపడింది. జీతాల కాలం పోయి కాంట్రాక్టుల కాలం వచ్చింది. ఆయన హీరో నుంచి అన్నయ్య, అన్నయ్య నుంచి తండ్రి, జడ్జి, 1967లో 'జ్యువెల్ థీఫ్'లో విలన్ కూడా అయ్యారు. ఈ ఫలానా వేషం నా స్థాయికి తగదు అని భీష్మించుకుని కూర్చున్న దాఖలా కనబడదు. జీతం మనిషికి ఉండే గుణం అది. లాబ్‌లోకి రమ్మంటే లాబ్‌కి, ఫ్లోర్ మీదకి రమ్మంటే ఫ్లోర్ మీదకి వెళ్ళి, ఇచ్చిన పని శ్రద్ధగా చేసి ఇంటికి వెళ్ళడం. 73వ ఏట దూరదర్శన్ వాళ్ళు ఎపిసోడ్ చివర అర నిమిషం మాట్లాడమంటే ఆయనకి అది చిన్న పనిగా తోచకపోవడానికి కారణం అక్కడే ఉంది.

ఒక పాట దగ్గర మాత్రం ఆగాలి. 1968లో హృషీకేశ్ ముఖర్జీ తీసిన 'ఆశీర్వాద్'కి ఆయనకి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. అందులో పిల్లల్ని కూర్చోబెట్టుకుని పాడే రైలుబండి పాట రాసింది హరీంద్రనాథ్ చటోపాధ్యాయ్. సరోజినీ నాయుడి తమ్ముడు, హైదరాబాద్‌లో పుట్టినవాడు. ఊపిరి తీసుకోకుండా స్టేషన్ల పేర్లు చదువుకుంటూ పోతారు. ఆ వరసలో ఖండ్వా ఉంది, నెల్లూరు ఉంది, ఒంగోలు, మచిలీపట్నం, భీమునిపట్నం ఉన్నాయి. మా రైల్వే క్వార్టర్స్ పిల్లలకి అది జాతీయ గీతం లాంటిది. సగం పాట, సగం మాట. తాళం తప్పకుండా కబుర్లు చెప్పినట్టు ఉంటుంది. 'హమ్ లోగ్'లో ఆయన చెప్పిన 'ఛన్ పకైయా' పాదాలు ఎక్కణ్ణించి వచ్చాయి అంటే నేను ఈ పాటనే చూపిస్తాను. పిల్లల చేత చప్పట్లు కొట్టించే లయతో పెద్దలకి పెద్ద మాట చెప్పడం ఆయన అక్కడే చేసి చూపించారు.

ఇక 'హమ్ లోగ్'. 1982లో అప్పటి సమాచార ప్రసార మంత్రి వసంత్ సాఠే మెక్సికో వెళ్ళి, అక్కడ మిగెల్ సబిడో అనే ఆయన కుటుంబ నియంత్రణ, వయోజన విద్య లాంటి విషయాల్ని రోజువారీ సీరియళ్ళలో కలిపి జనానికి చేరవేస్తున్న తీరు చూసి వచ్చారు. ఇక్కడా అలాంటిది కావాలన్నారు. మనోహర్ శ్యామ్ జోషి రాశారు, పి. కుమార్ వాసుదేవ్ దర్శకుడు. 1984 జులై 7న మొదలై 1985 డిసెంబరు దాకా 17 నెలలు నడిచింది. ఎపిసోడ్లు 150 దాటాయి. తాగుబోతు తండ్రి బసేసర్ రామ్, అన్నీ ఓర్చుకునే తల్లి భాగవంతి, బడ్కీ, మజ్లీ, ఛుట్కీ, లల్లూ, నన్హే, తాత, నాన్నమ్మ. మ్యాగీ నూడుల్స్ వాళ్ళు స్పాన్సర్లు. ఆ రోజుల్లోనే ప్రభుత్వం దేశమంతా టీవీ ట్రాన్స్‌మిటర్లు వరసగా పెట్టుకుంటూ పోయింది. అంటే జనానికి టీవీ, సీరియల్, స్పాన్సర్ ప్రకటన మూడూ దాదాపు ఒకేసారి ఇంట్లోకి వచ్చాయి.

మొదటి పదమూడు ఎపిసోడ్లలో కుటుంబ నియంత్రణ పాఠం ఎక్కువై జనం విసుక్కున్నారు. ఆ తర్వాత పాఠం తగ్గించి కథని కథలా నడిపించారు. ఇక్కడే అశోక్ కుమార్ విలువ తెలుస్తుంది. నీతి చెప్పే బరువు ఆయన తన భుజాన వేసుకున్నారు కాబట్టే పాత్రలకి ఆ బరువు తప్పింది. బడ్కీ బడ్కీలా, లల్లూ లల్లూలా ఉండగలిగారు. చెప్పాల్సింది చివర్లో తాతగారు చెబుతారు.

'హమ్ లోగ్' అన్న పేరుని తెలుగులో ఏమనాలి? హిందీలో ఆ మాటకి రెండర్థాలూ ఉన్నాయి. మేము అనొచ్చు, మనం అనొచ్చు. తెలుగులో ఒకటి ఎంచుకోక తప్పదు. 'మేము' అంటే ఎదుటివాడు బయటే ఉంటాడు, 'మనం' అంటే లోపలికి వస్తాడు. నాకు తోచేదేమిటంటే, కథ నడిచినంతసేపూ అది 'మేము'. ఎక్కడో ఉత్తరాదిన ఒక ఇంటివాళ్ళు, వాళ్ళ గొడవలు, వాళ్ళ పరాఠాలు. చివర్లో ఆ పెద్దాయన కెమెరా వైపు తిరిగి మాట్లాడగానే అది 'మనం' అయిపోయేది. లాలాగూడలో చాప మీద కూర్చున్న, హిందీ రాని మా అమ్మ కూడా అందులో చేరిపోయేది. పేరు మారకుండా అర్థం మార్చిన ఆ అర నిమిషాన్ని నటన కాదనడానికి నాకు మనసొప్పదు. డైలాగు రాసి ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఇవ్వొచ్చు. దాన్ని ప్రసంగంలా కాకుండా పక్కింటి పెద్దమనిషి మాటలా చెప్పాలంటే 'కిస్మత్' నాటి గొంతు కావాలి.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలో నిజం ఉంది. సర్కారు టీవీలో, సర్కారు చెప్పమన్న నీతిని, ఒక పెద్ద వయసు మగవాడి నోట చెప్పించడం ఏం గొప్ప అంటారు. ఇంటి ఆడవాళ్ళ కష్టానికి ముగింపు వాక్యం మగవాడు చెప్పాలా అని మా అక్కే ఒకసారి నన్ను నిలదీసింది. ఆ ప్రశ్నకి నా దగ్గర తేలిక సమాధానం లేదు. పైగా ఆ సీరియల్‌ని పరిశీలించినవాళ్ళు తేల్చిన ఒక సంగతి నన్ను చాలా ఆలోచింపజేసింది. భాగవంతిని చూసి, ఇలా అణిగిమణిగి బతకకూడదని జనం అనుకోవాలని రాసినవాళ్ళ ఉద్దేశం. చూసినవాళ్ళలో చాలామంది, ఆడవాళ్ళతో సహా, ఆమెనే ఆదర్శంగా తీసుకున్నారు. ఓర్పు అంటే ఇలా ఉండాలన్నారు. చివర్లో ఎంత చెప్పినా కొందరు వినాలనుకున్నదే విన్నారు.

దాన్నిబట్టి ఆయన మాట వృథా అయిందనుకోను. కథని వదిలేస్తే జనం పాత అర్థమే తీసుకుంటారు కాబట్టే, పక్కన కూర్చుని ఇది ఇలా కూడా చూడొచ్చు అనే మనిషి అవసరమయ్యాడు. ఆ మాట అందరికీ తగలకపోవచ్చు. కానీ సీరియల్ నడిచిన కాలంలో నాలుగు లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. అశోక్ కుమార్‌కి రాసినవాళ్ళలో కుర్రకారు చాలామంది. మేం ఇష్టపడినవాళ్ళని పెళ్ళి చేసుకుంటాం, మా అమ్మానాన్నలకి మీరు చెప్పండి అని అడిగారు. సినిమాల్లో చేరినందుకు పిల్లనివ్వడానికి జనం జంకిన కాలం నుంచి వచ్చిన మనిషిని, పిల్లల పెళ్ళిళ్ళు మాట్లాడిపెట్టమని దేశం అడిగింది. ఏ సినిమా ఎన్ని వారాలు ఆడిందన్న లెక్క కంటే నాకు ఈ మలుపు పెద్దది.

ఇప్పుడు స్టార్లు టీవీకి రావడం మామూలైపోయింది. 2000లో అమితాబ్ బచ్చన్ క్విజ్ సీట్లో కూర్చున్నారు, 2014లో తెలుగులో నాగార్జున కూర్చున్నారు. నాకు ఆ కార్యక్రమాలు ఇష్టమే. ఎదురుగా కూర్చున్న మామూలు మనిషిని తేలికపరిచే ఓపిక ఇద్దరిలోనూ ఉంది. కానీ అక్కడ సెట్టు, లైట్లు, సంగీతం, ఇన్ని లక్షలన్న చెక్కు ఉంటాయి. స్టార్ దగ్గరికి మనం వెళ్తాం. అశోక్ కుమార్ మన ఇంటికి వచ్చారు, చేతిలో ఏమీ లేకుండా. నాకు తెలిసి మన దేశంలో ఆ పని అంత ఒంటరిగా, అంత తక్కువ సరంజామాతో చేసిన సినిమా నటుడు ఇంకొకరు లేరు.

1986లో బి.ఆర్. చోప్రా సీరియల్‌లో ఆఖరి మొఘల్ బహదూర్ షా జఫర్‌గా వేశారు. అది నిండు వేషం, కానీ నాకు ఆ అర నిమిషాలే ఎక్కువ. 1987లో సరిగ్గా ఆయన పుట్టినరోజున తమ్ముడు కిశోర్ కుమార్ పోయారు. 1988లో ఫాల్కే అవార్డు వచ్చింది. 2001 డిసెంబరు 10న ముంబైలో కన్నుమూశారు. మర్నాడు పేపర్లో ఫొటో చూసి అమ్మ, 'అయ్యో, మన చివర్లో వచ్చే తాతగారు' అంది.

పిన్ని ఉత్తరం సంగతి చెప్పలేదు కదూ. హిందీ ప్రచార సభ వాళ్ళ రాష్ట్రభాష పరీక్ష పాసైన హిందీతో, ఇన్‌లాండ్ లెటర్ మీద, అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసింది. ఢిల్లీ దూరదర్శన్ చిరునామాకి పోస్టు చేసింది. జవాబు రాలేదు. ఉత్తరంలో రాకపోతే టీవీలో చెబుతాడని ఎదురుచూసింది. ఒక రాత్రి ఛుట్కీ చదువు గురించి ఆయన ఏదో అన్నాడు. పిన్ని అమ్మ మోచెయ్యి పట్టుకుని, 'విన్నావా అక్కా, నాకే చెప్పాడు' అంది. ఏమన్నాడని అమ్మ అడిగింది. పిన్ని తెలుగులో చెప్పింది. ఆయన చెప్పినదానికంటే నాలుగింతలు పొడుగ్గా చెప్పిందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. ఆ ఆదివారం అమ్మ ఒక్కతే రైలెక్కి తణుకు వెళ్ళి తాతయ్యతో మాట్లాడి వచ్చింది.

పిన్ని ముప్ఫై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైంది. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఫోన్‌లో 'కిస్మత్' పెట్టి చేతికిచ్చాను. సన్నగా, నల్ల జుట్టుతో ఉన్న ఆ కుర్రాణ్ణి కాసేపు చూసింది, గుర్తుపట్టలేకపోయింది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

'గొంతు అదే' అంది.